జబ్బు పేరు తేలలేదు, పిల్లి చిక్కిపోతోంది: ఏం చేయమంటారు?

అమలాపురానికి దగ్గరలో కాలువ గట్టు మీదున్న ఒక ఊరి నుంచి, యాభై దాటిన ఒక గృహిణి తన పేరు ప్రకటించవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలు మునిగినప్పుడు, గట్టు మీదికి చేర్చిన సామాను మధ్య తల్లి లేని ఒక పిల్లిపిల్ల ఆమెకు దొరికింది. దానికి చిట్టి అని పేరు పెట్టుకుని పెంచారు. ఏడాది నిండాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించారు. కూతురికి పెళ్ళయి హైదరాబాదు వెళ్ళిపోయిన తరువాత ఇంట్లో తనతో మాట కలిపే ప్రాణి అదొక్కటేనని రాశారు.

నాలుగు నెలలుగా చిట్టికి జ్వరం వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడు మూడు నాలుగు రోజులు ఏదీ ముట్టదు. బియ్యం డ్రమ్ము వెనక దూరి ఎంత పిలిచినా బయటికి రాదు. ఊళ్ళో పశువైద్యశాలలో రెండు సూదులు వేయిస్తే మర్నాటికల్లా లేచి తిరుగుతుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి మళ్ళీ మొదటికి వస్తుంది. నాలుగు కిలోలుండే పిల్లి ఇప్పుడు మూడు కిలోలు కూడా లేదు. రాజమహేంద్రవరం తీసుకువెళ్తే ఒక డాక్టరు రక్తంలో సూక్ష్మజీవి ఉందేమోనని అనుమానించి, స్లైడు చూసి, ఏమీ కనబడలేదన్నారు. మరొక డాక్టరు స్కానింగ్ చేసి, పొట్టలో లింఫు గ్రంథులు కొద్దిగా వాచాయని, ఇది ఎఫ్.ఐ.పి. (కొరోనా వైరస్ వల్ల పిల్లులకు వచ్చే ప్రాణాంతకమైన జబ్బు) కావచ్చని, అదే అయితే ఆశ వదులుకోవాలని చెప్పారు. కాకినాడలో చూపిస్తే కాలేయం జబ్బన్నారు. పిల్లుల్లో ల్యుకేమియాను, రోగనిరోధక శక్తి లోపాన్ని కలిగించే రెండు వైరస్‌ల పరీక్షలు నెగెటివ్ వచ్చాయి. ఇప్పటికి దగ్గర దగ్గర ముప్ఫై వేలు ఖర్చయింది.

రొయ్యల చెరువులు చేసే ఆమె భర్త, రోగమేదో తెలియకుండా ఇంకెంత పోస్తావని విసుక్కుంటున్నారు. ఇంత హైరానా ఎందుకు, పావు బిళ్ళ పారాసిటమాల్ వేసి చూడమని కూడా ఆయనే సలహా ఇచ్చారు. ఏడో నెల గర్భిణి అయిన కూతురు వచ్చే నెలలో పురిటికి వస్తోంది. పురుడు జరిగే ఇంట్లో జబ్బు పిల్లి ఏమిటని, పైగా పిల్లి ఇంట్లో చస్తే దోషమని అత్తగారు అంటున్నారు. కూతురేమో ఎఫ్.ఐ.పి.కి మందు వచ్చిందంటూ వీడియోలు పంపి, చిట్టిని వదలొద్దంటోంది. కూతురిని చూసే డాక్టరు మాత్రం పిల్లులకు దూరంగా ఉండమన్నారట. "పట్టుకుంటే పిచ్చిదాన్ని అంటున్నారు, వదిలేస్తే పాపం చుట్టుకుంటుందేమోనని భయం. ఏ రోగమో చెప్పగలిగితే ఏదో ఒకటి తేల్చుకుంటాను" అని ఉత్తరం ముగించారు. రిపోర్టుల, మందుల చీటీల నకళ్ళు జతచేశారు.

*

అమ్మా,

అన్నిటికంటే ముందు పారాసిటమాల్ సంగతి. పావు బిళ్ళ కాదు, చిటికెడు కూడా వేయవద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి మన కాలేయానికి ఉన్నట్టు పిల్లి కాలేయానికి లేదు. అలా మిగిలిన మందు విషంగా మారి ఎర్ర రక్తకణాలను పాడుచేసి, అవి ప్రాణవాయువును మోయలేని స్థితికి తెస్తుంది. చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లినే ఒక బిళ్ళ చంపగలదు. చిట్టికి ఉన్న రక్తమే తక్కువ. మీవారు చెడు తలచి చెప్పలేదు, ఇంటింటా అందరూ వేసుకునే బిళ్ళే కదా అనుకున్నారు. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

రోగమేదో నేనిక్కడ కూర్చుని చెప్పలేను, పిల్లిని చేత్తో పట్టి చూడకుండా ఎవరూ చెప్పకూడదు కూడా. అయితే ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు ఎందుకు చెప్పారో మీ కాగితాలలోనే కనబడుతోంది. వారు ఒకరినొకరు ఖండించుకున్నారని మీరు అనుకుంటున్నారు. నిజానికి ముగ్గురూ చూసిన రిపోర్టు మూడు పేర్లకూ చోటిచ్చేది. రక్తంలో ఎర్రకణాల వాటా 21 శాతం ఉంది. పిల్లికి 30కి పైన ఉండాలి, కనుక రక్తహీనత నిజం. బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే పసుపు పదార్థం, కొద్దిగా పెరిగింది: ఎర్రకణాలు పగిలిపోతున్నా పెరుగుతుంది, కాలేయం దెబ్బతిన్నా పెరుగుతుంది, ఎఫ్.ఐ.పి.లోనూ పెరుగుతుంది. ఇక రెండో డాక్టరును భయపెట్టినవి రక్తంలోని రెండు రకాల ప్రోటీన్ల అంకెలు: గ్లోబ్యులిన్ 5.1, ఆల్బుమిన్ 2.4. ఆల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగిస్తే 0.47 వస్తుంది. ఈ నిష్పత్తి 0.4 కన్నా తక్కువైతే ఎఫ్.ఐ.పి. అనుమానం గట్టిపడుతుంది, 0.8 దాటితే చాలావరకు పక్కన పెట్టవచ్చు. మీది సరిగ్గా ఏమీ తేల్చని నడిమి చోట ఉంది. నెలల తరబడి ఒంట్లో వాపు గాని, సూక్ష్మజీవి గాని ఉన్న ఏ పిల్లికైనా గ్లోబ్యులిన్ పెరుగుతుంది కాబట్టి, ఆ ఒక్క అంకెను పట్టుకుని ఆశ వదులుకోమనడం తొందరపాటే.

రిపోర్టులో ఉండవలసింది ఒకటి లేదు. ఎముకల మజ్జ నుంచి కొత్తగా వచ్చిన లేత ఎర్రకణాల లెక్క, అంటే రెటిక్యులోసైట్ల లెక్క, ఎవరూ వేయించలేదు. అది పెద్ద ఖర్చున్న పరీక్ష కాదు. లేత కణాలు దండిగా ఉంటే మజ్జ బాగానే పనిచేస్తోంది, బయట ఎక్కడో రక్తం పోతోంది లేదా పగిలిపోతోంది అని అర్థం. లేకపోతే దీర్ఘకాలపు జబ్బు ఏదో మజ్జనే అణచివేస్తోందని అర్థం. మొదటి దారి రక్తంలోని సూక్ష్మజీవి వైపు, రెండో దారి ఎఫ్.ఐ.పి. వంటి వాటి వైపు చూపిస్తుంది. మూడు పేర్ల మధ్య మొదటి చీలిక ఇక్కడే రావలసింది.

ఇప్పుడు మందుల చీటీల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువసేపు ఆపినవి ఇవే. జ్వరం వచ్చిన ప్రతిసారీ చిట్టికి వేసిన రెండు సూదులలో ఒకటి ఆక్సీటెట్రాసైక్లిన్, అంటే యాంటీబయాటిక్. రెండోది డెక్సామెథాసోన్, అంటే స్టెరాయిడ్. రెండూ ఒకే పూట పడ్డాయి. మర్నాడు పిల్లి లేచి తిరిగింది. ఎవరి వల్ల లేచింది? యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని అణిచిందా, లేక స్టెరాయిడ్ జ్వరాన్ని దించి ఆకలి పుట్టించిందా? చెప్పే మార్గం లేదు. స్టెరాయిడ్ దాదాపు ఏ జబ్బులోనైనా ఒకటి రెండు రోజులు పిల్లిని లేపి కూర్చోబెడుతుంది, ఎఫ్.ఐ.పి.లోనూ లేపుతుంది, లింఫు గ్రంథుల క్యాన్సర్‌లోనూ లేపుతుంది. పైగా ఆ గ్రంథుల నుంచి సూదితో కణాలు తీసి చూసినప్పుడు, కనబడవలసిన గుర్తులను చెరిపేస్తుంది కూడా. అందువల్ల నాలుగు నెలలుగా మీ పిల్లి జబ్బు కొంతవరకు దాని స్వభావం వల్ల, కొంతవరకు వైద్యం చేసిన తీరు వల్ల అంతుచిక్కకుండా ఉంది.

ఇందుకు మీ ఊరి డాక్టరుగారిని తప్పు పట్టనక్కరలేదు. ఆయన ముందున్న వరుసలో పాలివ్వని గేదె, మేత మానిన దూడ నిలబడి ఉంటాయి; సాయంత్రానికల్లా గుణం కనబడాలని రైతు పట్టుబడతాడు. ఆ వాడుకే పిల్లికీ వచ్చింది. ఇకపై స్టెరాయిడ్ వేసే ముందు ఎందుకు వేస్తున్నారో అడగండి, అంతే. కొన్ని జబ్బులలో, ముఖ్యంగా ఒంటి రక్షణ శక్తే సొంత ఎర్రకణాలను తినేసే జబ్బులో, స్టెరాయిడే ప్రాణం నిలుపుతుంది కనుక, అది ఎప్పుడూ వద్దే వద్దని మాత్రం నేను అనను.

రాజమహేంద్రవరంలో చూసిన స్లైడు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. మొదటి డాక్టరు అనుమానించినది మైకోప్లాస్మా హీమోఫెలిస్ అనే సూక్ష్మజీవి అయి ఉండాలి. అది ఎర్రకణాల పైపొరకు అంటుకుని బతుకుతుంది, జ్వరాన్ని, రక్తహీనతను తెస్తుంది. రక్తంలో దాని సంఖ్య రోజురోజుకూ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. సోమవారం స్లైడు మీద కనబడినది గురువారం కనబడకపోవచ్చు. టెట్రాసైక్లిన్ జాతి మందు పడిన తరువాతైతే కనబడకపోవడంలో వింతే లేదు. మీరు రాజమహేంద్రవరం వెళ్ళింది ఊళ్ళో సూది వేయించిన రెండో రోజున అని చీటీల మీది తేదీలు చెబుతున్నాయి. కనుక "ఏమీ లేదు" అన్న ఆ మాటకు నేను విలువ ఇవ్వను. ఒక్క సూదితో ఆ సూక్ష్మజీవి తాత్కాలికంగా అణగి, కొన్ని వారాలకు తిరిగి తలెత్తడం చిట్టి కథకు బాగానే సరిపోతుంది. ఇది అంచనాయే, నిర్ధారణ కాదు.

మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం కూడా డాక్టర్ల దాకా వెళ్ళలేదని నా అనుమానం. ఇంట్లో ఏది పెట్టినా సరిగా తినదని, రేవు దగ్గర పారేసిన పచ్చి చేపల తలలు, గోడ మీది బల్లులు మాత్రం వదలదని రాశారు. వేడి, తేమ ఎక్కువగా ఉండే దేశాలలో బల్లులను తినే పిల్లులకు ప్లాటినోసోమమ్ అనే ఆకు ఆకారపు పురుగు పట్టి, పిత్తాశయంలోను, పైత్యనాళాలలోను కాపురం పెడుతుంది. నత్త నుంచి నేల మీద పాకే చిన్న పురుగులకు, వాటి నుంచి బల్లికి, బల్లి నుంచి పిల్లికి చేరుతుంది. చాలా పిల్లుల్లో ఏ బాధా పెట్టదు. ఎక్కువగా పట్టిన వాటిలో తిండి మానడం, వాంతులు, చిక్కిపోవడం, కామెర్లు కనబడతాయి. మీ కాకినాడ డాక్టరు కాలేయం వైపు చూపు సారించడంలో అర్థం ఉంది. దీన్ని పట్టుకోవాలంటే మలాన్ని నీటిలో కలిపి అడుగున తేరిన మడ్డిని చూడాలి; పైకి తేలేవి మాత్రమే చూసే మామూలు పద్ధతిలో ఈ బరువైన గుడ్లు దొరకవు. మామూలు నులిపురుగుల మందు మోతాదు కూడా దీనికి చాలదు.

పచ్చి చేప విషయానికొస్తే, కొన్ని చేపలలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. అదే తిండిగా సాగితే ఆకలి చచ్చిపోతుంది, తరువాత మెడ కిందికి వాలిపోతుంది, నడక తూలుతుంది. నూనె కవళ్ళ వంటి కొవ్వు చేపలే తిండి అయినప్పుడు ఒంట్లోని కొవ్వు పసుపుబారి వాచి, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని జ్వరం, పొట్ట తాకనివ్వని నొప్పి వస్తాయి. చిట్టికి ఇవే ఉన్నాయని కాదు. చేప ఉడికించి, ముళ్ళు తీసి, ఉడికిన కోడిమాంసంతో మార్చి మార్చి పెట్టడానికి ఇవి చాలిన కారణాలు. పెరుగన్నంతో మాత్రం సరిపెట్టవద్దు. పిల్లి గుండెకు, కంటికి అవసరమైన టారిన్ మాంసాహారంలోనే ఉంటుంది. ఇంకొక ప్రశ్న కూడా మీరే వేసుకోవాలి. సార్వాకో దాళ్వాకో ముందు మీ చేల దగ్గర సామూహికంగా ఎలుకల మందు పెట్టారా? బ్రోమాడియోలోన్ తిన్న ఎలుకను తిన్న పిల్లికి రక్తం గడ్డకట్టని స్థితి రావడం అరుదే గాని ఉంది. వచ్చిపోయే జ్వరాన్ని అది వివరించదు, అయినా రక్తహీనత ఉన్నప్పుడు డాక్టరుకు చెప్పి తీరవలసిన సంగతి.

ఎఫ్.ఐ.పి. పేరు విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదన్నారు. పిల్లులలో చాలా మామూలుగా తిరిగే, పేగులలో ఉండే కొరోనా వైరస్ ఏ కొద్ది పిల్లులలోనో మార్పు చెంది ఒంట్లోకి పాకినప్పుడు వచ్చే జబ్బు అది. ఎక్కువగా రెండేళ్ళలోపు పిల్లులలో, గుంపులుగా ఉండే చోట వస్తుంది. మూడేళ్ళు నిండిన ఒంటి పిల్లికి రాదని చెప్పలేము గాని, మొదటి అనుమానం అదే కానక్కరలేదు. పొట్టలో నీరు చేరే రకమైతే ఆ నీటిని పరీక్షించి చాలావరకు తేల్చవచ్చు. నీరు చేరని పొడి రకానికి ఒక్క పరీక్షతో ఔను కాదు అని తేలే మార్గం నేటికీ లేదు. రక్తంలో కొరోనా యాంటీబాడీలు ఉన్నాయన్న రిపోర్టు, ఈ పిల్లికి ఎప్పుడో ఆ వైరస్ తగిలిందని తప్ప మరేమీ చెప్పదు. వాచిన గ్రంథి నుంచి స్కానింగ్ చూస్తూ సూదితో కణాలు తీసి పరీక్షిస్తే గట్టి ఆధారం దొరకవచ్చు. చిట్టి కళ్ళలో రంగు మారడం, నల్లగుడ్డు మీద మసక, నడకలో తూలు ఉంటే అవీ ఆ వైపు సూచనలే. మీరు అలాంటివి రాయలేదు.

ఆశ వదులుకోవాలన్న మాట మాత్రం పాతబడింది. ఒకప్పుడు ఎఫ్.ఐ.పి. అంటే దాదాపు చావే. 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు జి.ఎస్.-441524 అనే మందు ఫలితాలను ప్రచురించారు. సహజంగా ఈ జబ్బు వచ్చిన 31 పిల్లులకు ఇస్తే 25 దీర్ఘకాలం బతికాయి. కోవిడ్ రోజుల్లో మనం పేరు విన్న రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్ళాక మారేది ఈ పదార్థంగానే. కనుక మీ అమ్మాయి పంపిన వీడియోలు గాలి కబుర్లు కావు. అయితే ఆ వీడియోలు ఒక సంగతి దాటవేస్తాయి. ఇది మామూలుగా పన్నెండు వారాల వైద్యం, రోజూ ఇవ్వాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు కావాలి. ఆన్‌లైన్ గుంపులలో చేతులు మారే సీసాలో ఎంత మందు ఉందో, అసలు ఉందో లేదో మీకు తెలిసే వీలు లేదు. నిజమైన జబ్బుకు నిజమైన మందు సరైన మోతాదులో పడితే మొదటి వారంలోనే జ్వరం దిగి పిల్లి తిండి అందుకోవాలి. అలా జరగకపోతే అనుమానం తప్పో, మందు కల్తీయో, మోతాదు చాలలేదో మళ్ళీ తెలియని స్థితికే వస్తారు. పిల్లుల వైద్యంలో అనుభవమున్న డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఆ దారిలో అడుగు పెట్టవద్దంటాను.

ఇక మీ ముందున్న దారులు. రోగం పేరు తేలితే ఏదో ఒకటి తేల్చుకుంటానన్నారు. పేరు తేలకుండానే తేల్చుకోవలసి రావచ్చని, తేల్చుకోవడం సాధ్యమేనని నా అభిప్రాయం. ప్రతి పరీక్షకు ముందు డాక్టరును ఒకే మాట అడగండి: "దీని ఫలితం ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ పరీక్షకు పెట్టే డబ్బు చిట్టి తిండికి పెట్టండి.

నాకు మెరుగ్గా తోచే దారి, ఒక్కసారి శుభ్రమైన వెతుకులాట చేయడం. అంటే ఈసారి జ్వరం వచ్చినప్పుడు ఏ మందూ పడకముందే రక్తం తీయించి, లేత కణాల లెక్కతో పాటు మైకోప్లాస్మాకు పి.సి.ఆర్. పరీక్షకు పంపించడం, మలపరీక్ష అడుగు మడ్డితో చేయించడం, అవకాశముంటే గ్రంథి నుంచి కణాలు తీయించడం. ఇందులో కష్టాలున్నాయి. మందు లేకుండా పిల్లి ఒక పూటో ఒక రోజో జ్వరంతో ఉండాలి, మీకు మళ్ళీ ప్రయాణం, ఖర్చు. ఇన్ని చేసినా పేరు తేలకపోవచ్చు. రాజమహేంద్రవరంలో ఇవన్నీ కుదరకపోతే, గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల బోధనాసుపత్రికి కాగితాలన్నీ తీసుకుని వెళ్ళడం గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. దూరమే, కానీ వేర్వేరు నిపుణులు ఒకే కప్పు కింద ఉండే చోటు అది.

అంత ప్రయాణం పిల్లి తట్టుకోలేదనో, ఖర్చు భరించలేరనో అనిపిస్తే, నయమయ్యే వాటికి వరుసగా, ఒక్కొక్కటిగా మందు వేసి చూడమని డాక్టరును అడగవచ్చు. స్టెరాయిడ్ కలపకుండా డాక్సీసైక్లిన్ ఒక్కటే మూడు నాలుగు వారాల కోర్సుగా ఇస్తే, మైకోప్లాస్మా అయితే కొద్ది రోజుల్లోనే జ్వరం ఆగి, వారాలలో రక్తం పెరగడం కనబడాలి. ఖర్చు తక్కువ. జాగ్రత్త ఒకటే: ఆ బిళ్ళ పిల్లి గొంతుగొట్టంలో ఇరుక్కుంటే పుండు చేస్తుంది, కనుక వేసిన వెంటనే సిరంజితో నాలుగైదు మిల్లీలీటర్ల నీళ్ళు తాగించాలి. దీనితో గుణం లేకపోతే కాలేయపు పురుగు మందు, ఆ తరువాత మరొకటి. ఈ దారిలో ఉన్న నష్టం కాలం. అసలు జబ్బు ఎఫ్.ఐ.పి. అయితే ఈ వారాలు దానికి అప్పగించినట్టే. డాక్సీసైక్లిన్‌తో పది రోజుల్లో ఏ మార్పూ లేకపోతే ఆగి, మళ్ళీ ఆలోచించాలని ముందే అనుకుని మొదలుపెట్టండి.

ఏ దారి పట్టినా ఇంట్లో చేయవలసినవి మారవు. ఆహారం మానిన మూడో రోజుకు పిల్లి కాలేయానికి కొవ్వు పట్టడం మొదలవుతుంది. అది అసలు జబ్బు కంటే ముందు ప్రాణం తీయగలదు. అందుచేత రెండో రోజుకే డాక్టరును పిలవాలి, ఆకలి పుట్టించే మందో, ముక్కు గుండానో మెడ పక్క నుంచో గొట్టం వేసి తిండి పెట్టడమో అడగాలి. గొట్టం పేరు వినగానే భయపడతారు, కానీ నోట్లో బలవంతంగా కూరడం కంటే పిల్లికి అదే సుఖం. జ్వరాన్ని ఇంట్లోనే డిజిటల్ థర్మామీటరును మలద్వారంలో పెట్టి చూడండి, పిల్లికి 100.4 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు మామూలే. రావులపాలెం మీదుగా ఎండలో బస్సులో వెళ్ళిన పిల్లికి ఆసుపత్రిలో చూసిన 103 జ్వరం కాకపోవచ్చు. ఒంటి మీద గెంతే పేలు ఉంటే పిల్లులకని రాసి ఉన్న మందే వాడండి. గేదెల గోమార్లకు కొట్టే మందు, కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిల్లికి విషం.

ఈ పనుల్లో మీవారిని కలుపుకోమని నా సలహా. ఆయన అభ్యంతరం పిల్లి మీద కాదనిపిస్తోంది, గురి లేని ఖర్చు మీద. చెరువులో రొయ్య చస్తుంటే అది వైట్ స్పాట్ తెగులో, అడుగు చెడిపోయిందో, ఆక్సిజన్ తగ్గిందో చూడకుండా దుకాణం వాడు చెప్పిన మందులన్నీ ఒకేసారి చల్లే రైతును ఆయన హర్షించరు కదా. చిట్టికి ఇంతవరకు జరిగింది అదే, ఆయన విసుగులో న్యాయముంది. రోజూ చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసే పళ్ళెం) చూసి మేత లెక్క రాసే మనిషి, వారానికోసారి చెరువు దగ్గరి తూకంలో పిల్లి బరువు చూసి, జ్వరం, తిన్నది, వేసిన మందు ఒక పుస్తకంలో రాయగలరు. ఆ పుస్తకం డాక్టర్లకు ఏ స్కానింగ్ కంటే తక్కువ కాదు.

మీ అమ్మాయి విషయంలో భయానికి ఒక కారణం ఉంది, అది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. గర్భంతో ఉండగా మొదటిసారి సోకితే బిడ్డకు ప్రమాదం. అయితే పిల్లి దాని గుడ్లను సాధారణంగా జీవితంలో మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే మలంలో విసర్జిస్తుంది. ఆ గుడ్లు కూడా ఒకటి నుంచి అయిదు రోజులు గడిస్తేనే అంటుకునే స్థితికి వస్తాయి. పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు మీరో పనిమనిషో తీసేస్తే, మీ అమ్మాయి దాని జోలికి పోకపోతే, ప్రమాదం చాలావరకు తొలగుతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, పెరటి మట్టి నుంచి అది సోకే అవకాశం ఒళ్ళో కూర్చున్న పిల్లి నుంచి కంటే ఎక్కువ. ఆమెకు పూర్వమే సోకిందో లేదో రక్తపరీక్షతో తెలుస్తుంది. తన డాక్టరునే అడగమనండి. చిట్టికీ ఈ పరీక్ష చేయించడం మంచిది, ఎందుకంటే వచ్చిపోయే జ్వరానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఎఫ్.ఐ.పి. మనుషులకు అంటదు. అత్తగారి మాటను కొట్టిపారేయకుండా, పురుడు జరిగే గదికి దూరంగా, వెనక వసారాలో చిట్టికి విడిగా చోటు చేయండి. జబ్బు పిల్లికి కూడా ఆ నిశ్శబ్దమే కావాలి. దోషం సంగతి నేను తీర్చగలిగేది కాదు. పిల్లిని చంపితే మహాపాపమని నమ్మే పెద్దలే, జబ్బు పిల్లిని గోనెసంచిలో పెట్టి కాలువ అవతల వదిలి రమ్మంటే మాత్రం అందులో పుణ్యం నాకు కనబడదు.

చివరిగా, వదిలేయడం గురించి అడిగారు. వైద్యం ఆపడం వేరు, పిల్లిని వదిలేయడం వేరు. పరీక్షలు ఇక చాలనుకుని, నొప్పి తెలియకుండా, ఆకలి పుట్టేలా మందులు మాత్రం ఇప్పిస్తూ ఇంట్లో ఉంచుకోవడం గౌరవంగా ఎంచుకోదగిన దారే. అందులో నయమయ్యే జబ్బు చేజారిపోయే అవకాశం ఉందని తెలిసి ఎంచుకోవాలి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ముప్ఫైకి మించి ఊపిరి తీస్తుంటే, తనను తాను నాక్కోవడం మానేస్తే, మలమూత్రాల్లోనే పడుకుంటే, ఇక బాధ తప్ప మరేమీ మిగలడం లేదని డాక్టరూ అంటే, మత్తులోకి పంపి ప్రాణం పోనిచ్చే కారుణ్య మరణం గురించి మాట్లాడవచ్చు. మీ ఇంట్లో దానికి అందరి మనసూ ఒప్పకపోవచ్చు. ఒప్పకపోతే నొప్పిని అణిచే మందులను ఆఖరు వరకు అడిగి తీసుకోండి. ఎంత డబ్బు, ఎన్ని వారాలు, ఎంత బాధ దాకా అన్నది, జ్వరం లేని ఒక మంచి రోజున మీరూ మీవారూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. జ్వరం వచ్చిన రాత్రి అలాంటి లెక్క ఎవరికీ కుదరదు. మీరిద్దరూ ఒప్పుకున్న అంకె ఎంత చిన్నదైనా, దాని దగ్గర ఆగినందుకు మిమ్మల్ని పాపం చుట్టుకోదు.

ప్రస్తుతం జ్వరం లేదని రాశారు కనుక కొద్ది రోజుల వ్యవధి ఉంది. ఈలోగా చీటీలన్నిటినీ తేదీల వరుసలో పెట్టించండి, మలపరీక్ష చేయించండి, ఊరి డాక్టరుగారిని కలిసి తరువాతి జ్వరానికి సూది వేయకముందే రక్తం తీసి ఇవ్వగలరా అని ముందుగానే అడిగి ఉంచండి. తీసిన నమూనాను ఐసు పెట్టెలో పెట్టి రాజమహేంద్రవరం చేర్చడం మీవారికి కొత్త పని కాదు. ఫలితాలు వచ్చాక మళ్ళీ రాయదలిస్తే, అంకెలతో పాటు ఆ వారంలో చిట్టికి పడిన ప్రతి మందు పేరూ, పూటా రాయండి.